బేరం చెడిపోయింది, మరి పెట్టిన లీగల్ ఖర్చుల సంగతేంటి?

విశాఖ ఎంవీపీ రైతు బజార్లో కూరగాయలు ఏరుకుంటుంటే కూడా ఆపి అడుగుతున్నారు కాబట్టి ఇక రాసేస్తున్నా. ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఫ్లాట్ బేరం చెడిపోయిందండీ, అడ్వాన్స్ ఇస్తామంటున్నారు గానీ లాయర్‌కీ బ్యాంక్‌కీ పెట్టిన డబ్బులు ఎవరిస్తారు?"

నేను లాయర్‌ని కాదు. మధురవాడ వైపు ఒక ఫ్లాట్‌కి 46 లక్షలకి బేరం కుదుర్చుకుని, 3 లక్షలు అడ్వాన్స్ ఇచ్చాను. తీరా చూస్తే అమ్మేవాళ్ల అన్నదమ్ముల పంపకం కాగితంలో చెల్లెలి సంతకం లేదు, వెనక్కి వచ్చేశాను. అప్పుడు నేర్చుకున్నదీ, తర్వాత తెలిసినవాళ్లకి కాగితాలు సర్దిపెట్టినప్పుడు తెలిసినదీ ఇక్కడ పెడుతున్నా. మొత్తం పెద్దదైతే, లేదా అవతలివాళ్లు మొండివాళ్లైతే, ఇది చదివి ఊరుకోకుండా లాయర్‌ని కలవండి.

ముందు ఇవన్నీ ఒక ఫైల్లో పెట్టండి

అగ్రిమెంట్ ఒరిజినల్, అడ్వాన్స్ రసీదు, డబ్బు పంపిన బ్యాంక్ స్టేట్‌మెంట్, ఆస్తి కాగితాలు చూసి లాయర్ ఇచ్చిన లీగల్ ఒపీనియన్, ఆయన ఫీజు రసీదు (లేకపోతే ఫోన్‌పే చేసిన రుజువు), ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం), నకళ్ల రసీదులు, బ్యాంక్ సాంక్షన్ లెటర్, స్టాంపు కాగితాలు, చలాన్లు, టీడీఎస్ (అమ్మేవాళ్లకి ఇచ్చే డబ్బులోంచి కోసి కట్టే పన్ను) కట్టి ఉంటే ఆ చలాను. ఇంకా బ్రోకర్‌తో, అమ్మేవాళ్లతో నడిచిన వాట్సాప్ చాట్. చాట్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి మెయిల్‌కి పంపుకోండి, పాత ఫోన్‌ని మాత్రం ఎవరికీ ఇచ్చేయకండి. రేపు కోర్టుదాకా వెళ్తే స్క్రీన్‌షాట్ ప్రింట్ ఒక్కటీ సరిపోదు, దానికి సర్టిఫికెట్ జత చేయాలి, అసలు ఫోన్ గురించి కూడా అడుగుతారు.

1. తేదీలు రాసుకోండి, గొడవ తర్వాత

అందరూ ముందు ఫోన్లో అరుచుకుంటారు. ఈలోగా పుణ్యకాలం కాస్తా దాటిపోతుంది. తెల్ల కాగితం మీద నాలుగు తేదీలు రాయండి: స్టాంపు కాగితాలు కొన్న తేదీ, అగ్రిమెంట్ తేదీ, అగ్రిమెంట్లో రిజిస్ట్రేషన్‌కి పెట్టుకున్న గడువు, బేరం చెడిందని మొదటిసారి ఎవరు ఎవరికి చెప్పారో ఆ తేదీ.

ఎందుకంటే వాడని స్టాంపులకి డబ్బు వెనక్కి అడగడానికి ఉన్న గడువు ఆరు నెలలే. అడ్వాన్స్ కోసం దావా వేయడానికి మామూలుగా మూడేళ్లు. "ఇస్తాం ఇస్తాం" అని నోటిమాటగా సాగదీస్తే మూడేళ్ల గడువు ఆగదు, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి.

2. ఖర్చుల్ని మూడు కుప్పలు చేయండి

మొదటి కుప్ప: తీసుకున్నవాళ్ల దగ్గర్నుంచి వెనక్కి రావు అనుకోవాల్సినవి. మీ లాయర్ ఒపీనియన్ ఫీజు, ఈసీ ఫీజు, బ్యాంక్ ప్రాసెసింగ్ ఫీజు ఇందులోకి వస్తాయి. లాయర్ తన పని తాను చేశాడు, నిజానికి ఆ ఫీజే మిమ్మల్ని నలభై లక్షల గోతిలో పడకుండా ఆపింది, కాబట్టి ఆయనతో పేచీ పెట్టుకోకండి.

రెండో కుప్ప: ప్రభుత్వం దగ్గర ఉన్నవి. స్టాంపులు, చలానుగా కట్టిన డ్యూటీ, టీడీఎస్.

మూడో కుప్ప: అవతలివాళ్ల నుంచి రావాల్సినవి. అడ్వాన్స్, వాళ్ల తప్పు వల్ల మీకు అయిన ఖర్చులు (మొదటి కుప్పలోవి కూడా).

నా లెక్క చూడండి. ఒపీనియన్ 6,000, ఈసీ, నకళ్లు 750, బ్యాంక్ ప్రాసెసింగ్ 5,900, బ్యాంక్ తరఫు లాయర్, వాల్యుయేషన్ కలిపి 5,500, అగ్రిమెంట్ రాతకూలి, స్టాంపు 2,500. మొత్తం 20,650. ఇందులో అమ్మేవాళ్లని నేను అడిగింది 14,750 మాత్రమే, ప్రాసెసింగ్ ఫీజు కలపలేదు. కారణం ఐదో మెట్టులో చెబుతా.

3. బేరం ఎవరి వల్ల చెడింది? అగ్రిమెంట్ మళ్లీ చదవండి

ఇది బద్ధకించకుండా చేయాల్సిన పని. ఖర్చులు ఎవరు భరించాలో అందులో రాసి ఉంటే అదే మొదటి ఆధారం. చాలా అగ్రిమెంట్లలో "కొనేవారు వెనక్కి తగ్గితే అడ్వాన్స్ వదులుకోవాలి" అని ఉంటుంది గానీ, టైటిల్‌లో (అమ్మేవాళ్ల యాజమాన్య హక్కులో) లోపం బయటపడితే ఏం చేయాలో ఒక్క ముక్క ఉండదు. అలా లేకపోయినా ఫర్వాలేదు, వీటిలో మీది ఏదో చూసుకోండి.

అమ్మేవాళ్ల టైటిల్ బాగాలేదు, లేదా గడువులోగా కాగితాలు ఇవ్వలేదు: అడ్వాన్స్ మొత్తం అడగొచ్చు, ఖర్చులు కూడా నష్టపరిహారంగా అడగొచ్చు. సరైన కారణంతో మీరు వెనక్కి తగ్గితే, ఇచ్చిన డబ్బుకి ఆ ఆస్తి మీదే మీకు హక్కు ఉంటుందని ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. వాళ్లు ఇంకొకరికి అమ్మాలని తొందరపడుతున్నప్పుడు ఈ మాట బాగా పనిచేస్తుంది.

మీరే మనసు మార్చుకున్నారు, లేదా లోన్ రాలేదు: లోన్ రాకపోతే అడ్వాన్స్ తిరిగి ఇవ్వాలి అన్న షరతు అగ్రిమెంట్లో లేకపోతే కష్టమే. అయినా మొత్తం పోయిందని చేతులు దులుపుకోకండి. బయానాగా (మాట తప్పనని హామీగా) ఇచ్చింది వేరు, ధరలో భాగంగా ఇచ్చిన పార్ట్ పేమెంట్ వేరు. ఇచ్చింది నిజంగా బయానాయే అయ్యి, వదులుకోవాలన్న షరతు స్పష్టంగా ఉంటేనే పట్టేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. 46 లక్షల బేరానికి 20 లక్షలు ఇచ్చి, అదంతా "బయానా" అని వాళ్లంటే ఒప్పేసుకోకండి.

ఆస్తి నిషేధిత జాబితాలో ఉంది: మన విశాఖలో ఇది మామూలే. అడవివరం, వేపగుంట వైపు సింహాచలం దేవస్థానం భూముల వివాదం, అసైన్డ్ భూములు (ప్రభుత్వం పేదలకి ఇచ్చినవి), ఇంకా ఏవేవో సర్వే నంబర్లు 22ఏ అనే ఈ నిషేధిత జాబితాలో ఉంటాయి. రిజిస్ట్రేషనే జరగదు కాబట్టి అడ్వాన్స్ వెనక్కి రావాలి. ఖర్చులు మాత్రం, అమ్మేవాడికి ముందే తెలిసీ దాచాడని చూపగలిగితేనే గట్టిగా అడగగలరు. రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో ఆ సర్వే నంబర్ కొట్టి, వచ్చిన పేజీని తేదీతో సహా ప్రింట్ తీసుకోండి.

4. ప్రభుత్వం దగ్గరున్న డబ్బు

స్టాంపు కాగితం వంద రూపాయలదైతే వదిలేయండి, ఆటో చార్జీలకే సరిపోదు. కానీ రేపు రిజిస్ట్రేషన్ అనగా మొత్తం డ్యూటీ కట్టేసి, ఆ ఉదయం బేరం చెడినవాళ్లుంటారు. మన ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకం దస్తావేజుకి స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1. అంటే 40 లక్షల విలువకి 3 లక్షలు. అది వదులుకునే డబ్బు కాదు కదా.

ఏం చేయాలంటే, మీరు రిజిస్ట్రేషన్‌కి వెళ్లాల్సిన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే, మధురవాడైనా గాజువాకైనా పెందుర్తైనా, రీఫండ్ అర్జీ ఎవరి పేరున రాయాలో, ఏమేం జత చేయాలో అడిగి, ఒరిజినల్ స్టాంపులు లేదా చలాను, బేరం ఎందుకు ఆగిందో రాసిన కాగితం, బ్యాంక్ ఖాతా వివరాలు పెట్టి ఇవ్వండి. అర్జీ జెరాక్స్ మీద అందినట్టు సీలు, తేదీ వేయించుకోకుండా బయటికి రాకండి. అసలు వాడకుండా మిగిలిన స్టాంపులకి రూపాయికి 10 పైసలు కోసుకుని మిగతాది ఇస్తారు.

ఇక్కడ జనం చేసే తప్పు ఒకటుంది. స్టాంపు కాగితం వెనక్కి తిప్పి చూడండి. వెండర్ చేతిరాతతో వరుస నంబరు, తేదీ, కొన్నవారి పేరు ఉంటాయి. ఆ పేరు మీది కాకుండా బ్రోకర్‌దో అమ్మేవాళ్లదో అయితే మీ అర్జీ అక్కడే ఆగిపోతుంది. అప్పుడు ఆ పేరున్న మనిషి చేతే అర్జీ పెట్టించాలి, వాళ్లతో మాటలు ఉన్నప్పుడే ఆ పని చేయించుకోండి.

ఇంకో హెచ్చరిక. దస్తావేజు రిజిస్టర్ అయిపోయాక ఇద్దరూ కలిసి రద్దు చేసుకుంటే, కట్టిన డ్యూటీ తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోకండి. ఆస్తి మీద అనుమానం ఉంటే ఆగాల్సింది సంతకానికి ముందే.

టీడీఎస్ సంగతి. ఆస్తి ధర 50 లక్షలు, ఆపైన అయితే అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే 1 శాతం కోసి అమ్మేవాళ్ల పాన్ మీద కట్టి ఉంటారు. బేరం రద్దయితే అది మీరు ఆన్‌లైన్లో రీఫండ్‌గా అడగొచ్చు, లేదా అమ్మేవాళ్లు ఆ మొత్తాన్ని కూడా కలిపి మీకు ఇచ్చేసి తమ రిటర్న్‌లో చూపుకోవచ్చు. రెండిట్లో ఏదో ఒకటే. ఏది అన్నది రద్దు కాగితంలో రాసుకోండి, పెద్ద మొత్తమైతే మీ ఆడిటర్‌కి చూపించండి.

5. బ్యాంకూ, లాయరూ

బ్యాంక్‌కి "లోన్ వద్దు" అని లెటర్ ఇచ్చేయడానికి తొందరపడకండి! నేను దాదాపు ఆ పని చేసేవాడినే. కౌంటర్లో ఉన్న అమ్మాయి "సార్, ఇంకో ఫ్లాట్ చూసుకుంటున్నారా? సాంక్షన్ గడువు ఉంది కదా, ప్రాపర్టీ మార్చుకోవచ్చు" అంది. మన ఆదాయం చూసి ఇచ్చిన సాంక్షన్ అది. గడువులోగా ఇంకో ఫ్లాట్ కాగితాలు ఇస్తే చాలా బ్యాంకులు పాత ప్రాసెసింగ్ ఫీజుతోనే నడిపిస్తాయి, కొత్త ఆస్తికి లీగల్, వాల్యుయేషన్ ఖర్చు మాత్రమే మళ్లీ పడుతుంది. నా 5,900 అలా బతికింది. అందుకే దాన్ని అమ్మేవాళ్ల లెక్కలో కలపలేదు, కలిపితే మిగతా లెక్క మీద కూడా అనుమానం వస్తుంది.

లాయర్ దగ్గర అడగాల్సింది ఫీజు వాపసు కాదు. అదే అపార్ట్‌మెంట్‌లో ఇంకో ఫ్లాట్ చూస్తుంటే స్థలం తాలూకు పాత లింక్ డాక్యుమెంట్లు (ఇంతకుముందు చేతులు మారిన దస్తావేజులు) అవే కదా, ఆ ఒపీనియన్‌కి తక్కువ తీసుకోమనండి. మీరిచ్చిన ఒరిజినల్స్ ఏమైనా ఉంటే అన్నీ వెనక్కి తెచ్చుకోండి. ఇక మీదట నోటీసు, రాజీ, దావా అని ఏ పని అప్పజెప్పినా, ఒక్కో దానికి ఎంతో ముందే అడిగి వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. "చూద్దాం లెండి, మీరు మనవాళ్లే కదా" అన్న ఫీజే ఆఖర్న అన్నిటికంటే ఎక్కువవుతుంది.

6. అవతలివాళ్లతో కూర్చోవడం

ఒక పేజీ లెక్క రాయండి. అడ్వాన్స్ ఎంత, ఏ తేదీన ఏ ఖాతా నుంచి వెళ్లింది, ఖర్చులు ఒక్కొక్కటి రసీదు నంబరుతో. టెన్షన్, సెలవులు, పెట్రోలు, "మా ఆవిడ బంగారం తాకట్టు పెట్టింది" లాంటివి కలపకండి, మాట్లాడేటప్పుడు చెప్పుకోవచ్చు గానీ లెక్కలో వద్దు. పూర్తి ఖర్చు అడిగి, సగానికో మూడొంతులకో దిగడానికి మనసులో సిద్ధపడి వెళ్లండి. నాకు 14,750కి 10,000 ఇచ్చారు. ఇంకో నాలుగు వేల కోసం లాయర్ నోటీసు ఇస్తే ఆ నోటీసుకే అంత అవుతుంది, ఒప్పేసుకున్నా.

ఇప్పుడు అసలు ప్రమాదం. ద్వారకానగర్‌లో ఒక టిఫిన్ హోటల్లో కూర్చున్నాం. అమ్మేవాళ్ల బావమరిది కాఫీ కప్పు పక్కకి జరిపి, టైపు చేయించిన రద్దు కాగితం నా ముందు పెట్టాడు. "సంతకం పెట్టేయండి గురువుగారూ, సగం పడిపోయింది కదా, మిగతాది సోమవారం వేసేస్తాం." మంచి మనిషే, అబద్ధం ఆడే రకం కాదు. కానీ కాగితంలో మూడో పేరాలో "మొత్తం సొమ్ము ముట్టినది, ఇకపై ఎలాంటి బకాయీ లేదు" అని ఉంది. నా ఖాతాలో పడింది లక్షన్నర. ఆ ఒక్క వాక్యం మీద సంతకం పెట్టి ఉంటే మిగతా లక్షన్నరా, ఖర్చులూ వాళ్ల దయాదాక్షిణ్యాల మీద ఉండేవి. పెన్ను జేబులో పెట్టుకుని, "సోమవారం డబ్బు పడ్డాకే ఇక్కడే కూర్చుని పెట్టేద్దామండీ" అన్నాను. కాస్త మొహం మాడ్చుకున్నాడు, అంతే.

రద్దు కాగితంలో ఉండాల్సినవి: పాత అగ్రిమెంట్ తేదీ, ఆస్తి వివరం, రద్దుకి కారణం ఒక వాక్యంలో, అడ్వాన్స్ ఎంత, ఖర్చుల కింద ఎంత (విడిగా), ఏ తేదీన ఏ లావాదేవీ నంబరుతో పడింది, టీడీఎస్ ఎవరు తీసుకుంటారు, ఒరిజినల్ అగ్రిమెంట్ ఎవరికి ఇచ్చారు. ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు. పాత అగ్రిమెంట్ రిజిస్టర్ అయ్యి ఉంటే రద్దు కూడా రిజిస్టర్ చేయాలి, లేకపోతే ఈసీలో అది అలాగే కనబడుతుంది. రిజిస్టర్ చేసే ఖర్చు ఎవరిదో కూడా ముందే తేల్చుకోండి, చాలామంది ఆఖరి రోజు ఆఫీసు మెట్ల మీద కొట్టుకునేది దీని గురించే.

నగదు వద్దు. స్థిరాస్తి అడ్వాన్స్ 20,000 గానీ ఆపైన గానీ నగదుగా తీసుకోవడం, తిరిగి ఇవ్వడం రెండూ ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, పట్టుబడితే ఎంత సొమ్మో అంత జరిమానా పడొచ్చు. పైగా 2 లక్షలు, ఆపైన నగదు ఇచ్చామంటూ దావా వేస్తే ఆ సంగతి ఆదాయపు పన్ను శాఖకి తెలియజేయాలని 2025లో సుప్రీంకోర్టు కోర్టులకి చెప్పింది.

చెక్ ఇస్తే తీసుకోండి గానీ తేదీలు కనిపెట్టుకోండి. మూడు నెలల్లోపు బ్యాంక్‌లో వేయాలి. బౌన్స్ అయితే, ఆ సంగతి బ్యాంక్ మీకు చెప్పినప్పటి నుంచి 30 రోజుల్లోపు రాతపూర్వక నోటీసు, అది అందాక డబ్బివ్వడానికి వాళ్లకి 15 రోజులు, అప్పటికీ ఇవ్వకపోతే నెలలోపు కోర్టులో ఫిర్యాదు. వీటిలో ఏ ఒక్కటి దాటినా ఆ చెక్ కేసు చిక్కుల్లో పడుతుంది.

7. ఉలుకూ పలుకూ లేకపోతే

ముందు లాయర్ నోటీసు, స్పీడ్ పోస్ట్‌లో, అందినట్టు రుజువుతో. అందులో అడ్వాన్స్, ఖర్చులు, వడ్డీ మూడూ అడగండి. దానికీ కదలకపోతే నేరుగా దావా వేయకుండా, జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో దావాకి ముందే లోక్ అదాలత్‌కి అర్జీ పెట్టి చూడండి. కోర్టు ఫీజు ఉండదు. రాజీ కుదిరితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఇప్పటికే దావా వేసి ఉన్నా, లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. ఆస్తి బేరం మీ ఇంట్లో ఆడవాళ్ల పేరున జరిగి ఉంటే, ఆదాయంతో సంబంధం లేకుండా వాళ్లకి ఉచిత లాయర్ సాయం అడిగే హక్కు ఉంది. ఎస్సీ, ఎస్టీలకీ, దివ్యాంగులకీ కూడా. ఇది చాలామందికి తెలియదు.

దావాయే గతి అయితే ఒక్క మాట. "రిజిస్ట్రేషన్ చేయించండి" అని దావా వేసేటప్పుడు, అది కుదరకపోతే అడ్వాన్స్ తిరిగి ఇప్పించమని కూడా అందులోనే అడగాలి. అడగనిది కోర్టు ఇవ్వదు. గెలిచినా ఖర్చులు ఇప్పించడం కోర్టు ఇష్టం, ఇప్పించినా మీరు లాయర్‌కి నిజంగా ఇచ్చినంత రావడం అరుదు. ఇరవై వేల ఖర్చుల కోసమే అయితే దావా వద్దు, అడ్వాన్స్ కూడా ఇరుక్కుంటేనే వెళ్లండి.

పోలీస్ స్టేషన్‌కి వెళ్దామా అని అడుగుతారు. ఒకే ఫ్లాట్‌ని ఇద్దరికి అమ్మారు, దొంగ కాగితాలు చూపించారు అంటే వెళ్లండి. ఉత్తినే ఆలస్యమైతే "ఇది సివిల్ మేటర్" అని పంపేస్తారు.

బిల్డర్ దగ్గర కొంటుంటే దారి వేరు

రిజిస్టరైన అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి బిల్డర్ తీసుకోకూడదు, రెరా చట్టం (బిల్డర్ల ప్రాజెక్టుల మీద నియంత్రణకి తెచ్చిన చట్టం) అలా ఉంది. చెప్పిన టైంకి ఇవ్వలేక బేరం చెడితే డబ్బు, వడ్డీ, నష్టపరిహారం అడగొచ్చు, ఏపీ రెరాలో ఫిర్యాదు చేయాలి. కట్టిన జీఎస్టీ కూడా లెక్కలో రాసుకోండి, దాన్ని కలపకుండా "మీ డబ్బు మీకు ఇచ్చేశాం" అనేవాళ్లున్నారు.

మీరు అమ్మేవాళ్లైతే

కొనేవాళ్లు వెనక్కి తగ్గారని కోపంతో రెండో రోజే ఇంకొకరి దగ్గర టోకెన్ తీసుకోకండి. గడువు దాటిందనీ, ఫలానా తేదీలోగా రాకపోతే రద్దనీ నోటీసు ఇచ్చి, అది చేరిన రుజువు దగ్గర పెట్టుకున్నాకే కొత్త బేరం. బయానా పట్టుకుంటే అది మీ ఆదాయం కింద పన్నుకి వస్తుందనీ మర్చిపోకండి.

పని పూర్తయిందో లేదో ఎలా తెలుస్తుంది

ఖాతాలో డబ్బు పడ్డ మెసేజ్ చూసి సరిపెట్టుకోకుండా స్టేట్‌మెంట్ తీసి రద్దు కాగితంలోని నంబర్లతో కలిపి చూడండి. అగ్రిమెంట్ రిజిస్టరైనదైతే రద్దు తర్వాత కొత్త ఈసీ తీయించి రెండు ఎంట్రీలూ కనిపిస్తున్నాయో లేదో చూడండి. టీడీఎస్ అమ్మేవాళ్లు వాడుకుంటామని ఉంటే ఆ మొత్తం మీ ఖాతాలోకి వచ్చిందా అని విడిగా చూడండి, అది పెద్ద మొత్తంలో కలిసిపోయి తెలియకుండా పోతుంది. స్టాంపు రీఫండ్ అర్జీ ఇచ్చి నెల దాటితే సీలు వేసిన జెరాక్స్ పట్టుకుని ఆఫీసుకి వెళ్లి ఫైలు నంబరు అడగండి. మీ ఆధార్, పాన్ జెరాక్స్‌లు బ్రోకర్ దగ్గర ఎన్ని ఉన్నాయో అడిగి, వాటి మీద ఏ పనికి ఇచ్చారో రాయకుండా ఇచ్చి ఉంటే వెనక్కి తెచ్చుకుని చింపేయండి.